కెమిస్ట్రీ క్లాసులో తెలుగు ఎవరి నోట ఉండాలి?

రెండు భాషల చదువు అనగానే మాట మీడియం దగ్గరికి పోతుంది. ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా? ఒకరు ఉద్యోగాలంటారు, ఇంకొకరు అమ్మభాష అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకు ఈ వాదన అసలు చోటికి చేరకుండానే అయిపోతున్నట్టు ఉంటుంది. మీడియం ఏదో పుస్తకం అట్ట చెబుతుంది, హాల్ టికెట్ చెబుతుంది. నలభై యాభై మంది కూర్చున్న గదిలో ఎవరు ఏ భాషలో ఆలోచిస్తున్నారో, ఏ భాషలో నోరు తెరుస్తున్నారో, ఏ భాషలో నోరు మూసుకుంటున్నారో మీడియం చెప్పదు.

నేను అనేది ఒక్కటే. తెలుగు టీచరు నోట ఉంటే చాలదు. పిల్లల నోట ఉండాలి, వాళ్ళ కలంలో ఉండాలి. ఆ తర్వాత అదే విషయం వాళ్ళ చేతే ఇంగ్లీషులో రావాలి. ఇది జరగాలంటే కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు ద్విభాషా బోధన చదువుకోవాలి, ద్విభాషా బోధన చెప్పేవాళ్ళు కనీసం ఒక సెమిస్టరు కెమిస్ట్రీ ల్యాబులో కూర్చోవాలి. ఇప్పుడు ఆ రెండు కోర్సులూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

"మేం తెలుగులోనే చెబుతున్నాం కదా" అని తోటి అధ్యాపకులు అంటారు. నిజమే, చెబుతున్నారు. "ఇక్కడ ఏమవుతోందంటే, ఈ ఎలక్ట్రాన్ ఇటు ట్రాన్స్‌ఫర్ అవుతోంది, అందుకని ఇది పాజిటివ్ అయ్యింది" అని నోటితో తెలుగు, చేత్తో బోర్డు మీద ఇంగ్లీషు. పిల్లలు విన్నది తెలుగు, రాసుకున్నది ఇంగ్లీషు. విన్నది చెవిలో ఉండిపోతుంది, రాసుకున్నది నోట్సులో ఉండిపోతుంది. పరీక్ష రాత్రి తెరిచేది నోట్సే కాబట్టి, క్లాసులో అర్థమైన తెలుగు ముక్క ఆ రాత్రి వాళ్ళకు తోడు రాదు. మధ్యలో పిల్ల ఒక్క వాక్యం కూడా తనంతట తాను కట్టలేదు, తెలుగులోనూ కట్టలేదు, ఇంగ్లీషులోనూ కట్టలేదు. దీన్ని ద్విభాషా బోధన అనడానికి నాకు మనసొప్పదు. టీచరుకు రెండు భాషలు వచ్చని మాత్రం తెలుస్తుంది.

ల్యాబులో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఆమ్ల క్షార టైట్రేషన్ రోజు, అంటే ఆమ్లంలోకి క్షారాన్ని (బేసును) చుక్క చుక్కగా వదిలి, ఎంత పడితే సరిపోతుందో కొలిచే ప్రయోగం. కోనికల్ ఫ్లాస్కులో ఆమ్లం, రంగు మారి సూచన ఇచ్చే ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు, బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్. ఇద్దరమ్మాయిలు ఒక బల్ల దగ్గర ఉన్నారు. లేత గులాబీ రంగు వచ్చింది, రీడింగ్ రాసుకున్నారు, ఫ్లాస్కు పక్కన పెట్టారు. కాసేపటికి ఒకమ్మాయి చూసి, "ఏమే, ఇందాక రంగు వచ్చింది కదా, మళ్ళీ పోయిందేంటి? ఇంకో చుక్క వెయ్యాలా?" అంది. రెండో అమ్మాయి తల కూడా ఎత్తకుండా చెప్పింది: "వద్దు. ఒకసారి వచ్చి అరనిమిషం నిలబడితే చాలు. తర్వాత గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ వెళ్ళి అందులో కలుస్తుంది. అదీ ఆమ్లమే కదా. మిగిలిన ఆ కాస్త బేసునూ అది తినేస్తుంది. ఎక్కువసేపు పెడితే రంగు పోతుంది, అంతే."

నేను పక్కనే ఉన్నాను. అంతకన్నా మంచి వివరణ నేను ఇవ్వలేను. గాలిలోని వాయువు, నీటిలో కరిగాక దాని ఆమ్ల గుణం, తుది బిందువు, అంటే ఆమ్లం అంతా అయిపోయిందని రంగు చెప్పే క్షణం, దాటి మిగిలిన అతి కొద్ది క్షారం, సూచిక రంగు, నాలుగింటినీ ఒక్క ఊపిరిలో కలిపి చెప్పింది. ఆ సాయంత్రం ఆమె రికార్డు దిద్దాను. సీనియర్ల రికార్డు నుంచి వచ్చిన వాక్యమే ఉంది. తుది బిందువు అంటే 'పర్మనెంట్ పేల్ పింక్ కలర్' కనిపించడమట. పర్మనెంట్! ఆ రంగు శాశ్వతం కాదని పొద్దున తన కళ్ళతో చూసింది, ఎందుకు కాదో స్నేహితురాలికి విడమరిచి చెప్పింది, సాయంత్రం శాశ్వతమని రాసింది. అందులో తప్పుందని ఆమెకు తట్టలేదు. ఎందుకంటే ఆ వాక్యం ఆమెది కాదు. దాన్ని ఆమె అర్థం కోసం చదవలేదు, అక్షరాల కోసం చదివింది. వైవాలో ఇంగ్లీషులో ఇదే ప్రశ్న అడిగితే నేల చూపులు చూసింది. "తెలుగులో చెప్పమ్మా" అన్నాక మళ్ళీ అదే సమాధానం, ఈసారి ఇంకా బాగా చెప్పింది.

ఆ అమ్మాయికి కెమిస్ట్రీ వచ్చు. కానీ అది ఒక భాషలో ఉంది, మార్కులు ఇంకో భాషలో ఉన్నాయి. ఈ రెంటి మధ్య వంతెన కట్టడం ఎవరి పని? ఇంగ్లీషు అధ్యాపకులకు టైట్రేషన్ తెలియదు. కెమిస్ట్రీ అధ్యాపకులు అది తమ సిలబస్‌లో లేదంటారు.

కెమిస్ట్రీకే ఈ చిక్కు ఎందుకు ఎక్కువ అనేదానికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ ఇచ్చిన వివరణను మించింది నేను చూడలేదు. 1980ల మొదట్లో ఆయన చెప్పిందేమిటంటే, రసాయనశాస్త్రం మూడు అంతస్తుల్లో నడుస్తుంది. కంటికి కనిపించేది ఒకటి: రంగు, బుడగలు, అడుగున చేరిన తెల్లటి పొడి. కంటికి కనిపించనిది ఒకటి: అణువులు, అయాన్లు, వాటి కదలికలు. ఈ రెంటినీ సూచించే గుర్తులు, సమీకరణాలు మూడోది. చెప్పేవాళ్ళు ఒక్క వాక్యంలో ఈ మూడింటి మధ్య తిరిగేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మూడూ ఒకేసారి మోయడం కష్టం, ఎందుకంటే ఒక క్షణంలో బుర్రలో పట్టే సంగతులు కొన్నే. ఇప్పుడు వీటికి సరిగా రాని భాష నాలుగోదిగా వచ్చి చేరిందనుకోండి. వాక్యం విప్పుకోవడానికే సగం శక్తి పోతుంది, అణువు గురించి ఆలోచించడానికి మిగిలేది తక్కువ. రెండో భాషలో సైన్సు చదివే పిల్లల ఆలోచనా సామర్థ్యంలో కొంత భాగాన్ని ఆ భాషే మింగేస్తుందని జాన్‌స్టన్, సెలెపెంగ్ 2001లో రాసిన వ్యాసంలో చూపించారు. మనం మొద్దు అని పేరు పెట్టే పిల్లల్లో ఎంతమంది నిజానికి ఇలా అలసిపోయినవాళ్ళో నాకు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. భాష కష్టం అంటే పారిభాషిక పదాల కష్టం అనుకుంటారు. అందుకే పరిష్కారంగా పదకోశాలు వేస్తారు. అసలు ఇబ్బంది పెట్టేవి ఆ పెద్ద పదాలు కావు. ఎలక్ట్రాన్, ఐసోటోప్, ఆక్సిడేషన్ అందరికీ కొత్తే కాబట్టి టీచరు ఆగి చెబుతారు, పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. ఎవరూ ఆగి చెప్పని మామూలు మాటల దగ్గర కాలు జారుతుంది. జాన్‌స్టన్, కాసెల్స్ కలిసి ఇంగ్లండు, స్కాట్లాండు పిల్లల మీద ఇదే పరీక్షించారు, 1985లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఆ ఫలితాలు అచ్చువేసింది. 'వొలటైల్' అంటే తేలికగా ఆవిరయ్యేది అని కాకుండా అంటుకునేది, పేలేది అని ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లలే అనుకున్నారు. ఆస్ట్రేలియాలో పాల్ గార్డ్‌నర్ 1970ల్లో ఇంకో అడుగు ముందుకెళ్ళి వాక్యాలను కలిపే మాటలను పట్టుకున్నారు: అందువల్ల, అయినప్పటికీ, తప్ప, అదే విధంగా అనే అర్థాలిచ్చే ఇంగ్లీషు మాటలు. సైన్సు తర్కమంతా నడిచేది ఆ చిన్న మాటల మీదే. హైస్కూలు పిల్లలు వాటి దగ్గరే తడబడుతున్నారని తేల్చారు. ఇంగ్లీషు పిల్లల గతే ఇదైతే మన పిల్లల సంగతి వేరే చెప్పాలా?

ఒక లెక్క తీసుకుందాం. 2.4 గ్రాముల మెగ్నీషియంను ఎక్సెస్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చర్య జరిపితే ఎంత హైడ్రోజన్ వస్తుందన్నది ప్రశ్న. ఇంగ్లీషులో ఇది 'కాల్క్యులేట్' అనే ఆజ్ఞతో మొదలవుతుంది. దేన్ని లెక్కకట్టాలో రెండో ముక్క, ఏ పరిస్థితుల్లోనో మూడో ముక్క, అసలు ఏం చేశామో చిట్టచివర. అంటే పిల్లవాడు జరిగిన పనిని వెనకనుంచి ముందుకు పేర్చుకోవాలి. అదయ్యాక 'ఎక్సెస్' దగ్గర ఆగిపోతాడు. "సార్, యాసిడ్ ఎంతో ఇవ్వలేదు" అంటాడు. ఎక్కువ అన్నారు, ఎంత ఎక్కువో చెప్పలేదు, మరి లెక్క ఎలా చేయాలి? అతని అనుమానం అర్థం లేనిది కాదు.

అదే పిల్లవాణ్ణి, "ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు" అని అడగండి. "మెగ్నీషియం ముక్క ఆమ్లంలో వేశాం. ఆమ్లం కావలసినదానికన్నా ఎక్కువే పోశాం. బుడగలు వస్తాయి" అంటాడు. "బుడగలు ఎప్పుడు ఆగుతాయి?" "మెగ్నీషియం అయిపోయాక." "ఆమ్లం?" "అది మిగిలిపోతుంది." ఇక చెప్పాల్సింది ఏముంది? లిమిటింగ్ రియాజెంట్ అనే అధ్యాయం మొత్తం 'ముందు ఏది అయిపోతుంది' అన్న ప్రశ్నలో ఉంది, అది వాడు చెప్పేశాడు. మోల్ అంటే కణాల సంఖ్యను లెక్కపెట్టే కొలమానం. మోల్‌కు 24 గ్రాముల లెక్కన 2.4 గ్రాములు 0.1 మోల్, ఒక మోల్ మెగ్నీషియంకు ఒక మోల్ హైడ్రోజన్, సున్నా డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ దగ్గర మోల్ వాయువుకు 22.4 లీటర్లు, కాబట్టి 2.24 లీటర్లు. అంకగణితం అతనికి ముందే వచ్చు. ప్రశ్న లోపలికి దారే దొరకలేదు.

తెలుగు వాక్యం ఇక్కడ చేసే మేలు ఒకటుంది, దాన్ని మనం సరిగా వాడుకోవడం లేదు. వేస్తే, కలిపితే, వేడిచేస్తే, చల్లారాక అని మన వాక్యం పని జరిగిన వరసలోనే నడుస్తుంది. ముందు కారణం, తర్వాత ఫలితం. ల్యాబులో చేతులు చేసే పనికీ వాక్యం నడకకూ పొంతన ఉంటుంది. కొత్తగా ఒక ప్రయోగాన్ని తలలో నిలుపుకోవడానికి ఇది ఎంతో సాయం.

కానీ పుస్తకాల్లో తెలుగు అలా ఉండదు, అదే నా బాధ. "అధిక పరిమాణములో గల ఆమ్లముతో మెగ్నీషియం చర్యనొందినపుడు విడుదలగు ఉదజని యొక్క ఘనపరిమాణమును గణింపుము" తరహాలో ఉంటుంది. ఇది ఎవరి అమ్మభాష? ఏ ఇంట్లో ఎవరు ఇలా మాట్లాడతారు? ఇంగ్లీషు వాక్యం ఎముకలు అలాగే ఉంచి పైన తెలుగు అక్షరాలు తొడిగారు. ఇలాంటి పుస్తకాన్ని చదివి అర్థం కాక, "తెలుగులో సైన్సు ఇంకా కష్టం" అనే పిల్లలను నేను చూశాను. వాళ్ళు అన్నది అనుభవంతోనే. రెండు పేజీల్లో ఎదురెదురుగా రెండు భాషలు అచ్చువేసిన పుస్తకాలు ఇస్తే ద్విభాషా విద్య వచ్చినట్టేనని ఎవరైనా అంటే, ముందు ఆ తెలుగు పేజీని ఒక మొదటి సంవత్సరం విద్యార్థి చేత పైకి చదివించి, ఏం అర్థమైందో అడగమంటాను.

పదాల విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. ఆక్సిజన్ అనండి, ఆమ్లజని అనండి. జర్మన్లు తమ మాటలే పెట్టుకున్నారు. జపానులో ఉదగావా యోవాన్ 1837 నుంచి వెలువరించిన రసాయనశాస్త్ర గ్రంథంలో హైడ్రోజన్‌కూ ఆక్సిజన్‌కూ కొత్త పేర్లు కట్టారు, అవే ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు నైట్రోజన్‌ను ఇప్పటికీ వేరే పేరుతో పిలుస్తారు. ఎవరి కెమిస్ట్రీ ఆగిపోలేదు. రాబోయే పుస్తకాల్లో ఇంగ్లీషు పేర్లే కనిపిస్తాయి కాబట్టి పేర్లు ఇంగ్లీషువి ఉంచి, వాక్యం మాత్రం అసలైన తెలుగులో ఉంచడం మేలని నా అభిప్రాయం.

అమ్మభాషలో చెబితే అన్నీ తేటపడతాయని కూడా నేను అనను. తెలుగులో మనం మంచు కరిగింది అంటాం, పంచదార కరిగింది అనీ అంటాం. మొదటిది ఘనపదార్థం వేడికి ద్రవం కావడం, రెండోది ఒక పదార్థం ఇంకోదానిలోకి విడిపోయి కలిసిపోవడం. రసాయనశాస్త్రానికి ఇవి రెండు వేర్వేరు సంగతులు. ఉప్పు నీళ్ళలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అయాన్లు విడివడి ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు చేరతాయి. అదే ఉప్పు తనంత తాను కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. రెంటికీ ఒకే మాట వాడే పిల్లల మనసులో రెండు బొమ్మలూ కలిసిపోయే ప్రమాదం ఉంది, ఉప్పు నీళ్ళలో వేస్తే ద్రవంగా మారిపోయిందని రాసే జవాబులు అందుకే వస్తాయి. బలమైన ఆమ్లం, గాఢమైన ఆమ్లం దగ్గరా ఇదే తంటా, అది ఇంగ్లీషులోనూ ఉంది. నీటిలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయేది బలమైనది, లీటరులో ఎక్కువ మోతాదు ఉన్నది గాఢమైనది. లీటరుకు 0.001 మోల్ మాత్రమే ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనదే, కానీ చాలా పలచన. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం లీటరుకు 17 మోల్‌లకు పైగా ఉన్నా బలహీనమైనదే. ఏ భాషలో ఎక్కడ గుంట ఉందో ముందే తెలిసిన టీచరు అక్కడ ఆగుతారు. తెలియని టీచరు పిల్లలకు ఏకాగ్రత లేదంటారు. ఈ తెలివిడి కెమిస్ట్రీ పీజీలో రాదు, బోధన డిప్లొమాలోనూ రాదు. రెండూ ఒకచోట కలిస్తేనే వస్తుంది.

ద్విభాషా బోధన కోర్సు సంగతికి వస్తాను. అందులో చెప్పేవి విలువైన విషయాలు. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1979లో చేసిన విభజన ఒక్కటి తెలుసుకున్నా చాలామంది అధ్యాపకుల చూపు మారుతుంది. బజారులో, బస్సులో, స్నేహితులతో మాట్లాడే భాష వేరు, చదువు భాష వేరు. మొదటిది రెండేళ్ళలో పట్టుబడుతుంది, రెండోది తోటివాళ్ళతో సమానంగా రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని ఆయన తర్వాతి పరిశీలనల్లో తేలింది. కారిడార్‌లో ఇంగ్లీషులో గలగలా మాట్లాడే పిల్లవాడు బోర్డు మీది పేరా చదివి నోరు మెదపకపోతే, వాడు నటిస్తున్నాడని మనం విసుక్కుంటాం. నటన కాదు. ఒక భాషలో బాగా పట్టుబడిన ఆలోచన ఇంకో భాషలోకి దాటి వస్తుందన్నది కమిన్స్ చెప్పిన రెండో మాట. నాకు ఇది ఇంకా ముఖ్యం. మోల్ అంటే ఏమిటో తెలుగులో గట్టిగా తెలిసినవాడు ఇంగ్లీషులో దాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు, చెప్పడం నేర్చుకుంటే చాలు.

వేల్స్‌లో సెన్ విలియమ్స్ 1990ల్లో పాఠాన్ని ఒక భాషలో చదివించి, రెండో భాషలో మాట్లాడించే, రాయించే పద్ధతిని తీర్చి పేరు పెట్టారు. దాన్నే ఇప్పుడు ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అంటున్నారు. చదివింది ఒక భాష, చెప్పాల్సింది ఇంకో భాష అయితే మక్కీకి మక్కీ కాపీ కొట్టడం కుదరదు. మధ్యలో అర్థం చేసుకోక తప్పదు. పర్మనెంట్ పింక్ జబ్బుకు ఇదే మందు.

నేను క్లాసులో చేసేది దీని మీదే కట్టుకున్నాను. ప్రయోగానికి ముందు ఇంగ్లీషు పేరా ఇస్తాను, అందరూ మౌనంగా చదవాలి. తర్వాత పక్కవాళ్ళతో తెలుగులో, లేదా ఇద్దరికీ ఏది వస్తే అందులో, ఏం జరుగుతుందో ఊహించి ఎందుకో వాదించుకోవాలి. ఆ ఊహను రెండు మూడు వాక్యాల్లో తమకు నచ్చిన భాషలో రాసి పెట్టాలి. ప్రయోగం చేశాక ఊహ ఎక్కడ తప్పిందో మళ్ళీ రాయాలి. చివర్లో మాత్రం ఇంగ్లీషు. అదీ పేరా కాదు, ముందుగా కారణం, ఫలితం కలిపిన ఒకే ఒక్క వాక్యం. 'బికాజ్' ఉండాలి, 'సో' అయినా ఉండాలి. సెమిస్టరు గడిచేకొద్దీ ఆ ఒక్క వాక్యం మూడు వాక్యాలవుతుంది. ఇంకో అలవాటు కూడా ఉంది. బోర్డు మీది సమీకరణాన్ని రెండు భాషల్లోనూ పైకి చదివించడం. "రెండు మోల్‌ల హైడ్రోజన్ ఒక మోల్ ఆక్సిజన్‌తో కలిస్తే రెండు మోల్‌ల నీరు వస్తుంది" అని ఒక పిల్ల చదవగానే, వెనక బెంచీలోంచి ఇంకొకరు "మూడు కలిస్తే రెండే ఎలా వచ్చాయి?" అని అడుగుతారు. అణువులు కూడికల్లో నిలవవు, పరమాణువులు నిలుస్తాయి అనే సంగతి అప్పుడు చర్చకొస్తుంది. గుర్తుల్ని కళ్ళతో చూసి వదిలేసినన్నాళ్ళూ ఆ ప్రశ్న ఎవరికీ రాదు.

అయితే ద్విభాషా బోధన కోర్సులో నాకు కనిపించిన లోటు కూడా చెప్పాలి. ఉదాహరణలన్నీ కథలూ, పండుగల వ్యాసాలూ, చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలూ. విద్యార్థి భాషను గౌరవించాలి అంటారు, ఒప్పుకుంటాను. కానీ ఈక్విలిబ్రియం అధ్యాయంలో గౌరవించడం అంటే సోమవారం పొద్దున ఏం చేయాలి? చర్య ఆగలేదు, రెండువైపులా ఒకే వేగంతో నడుస్తోంది అని ఒక పిల్ల తెలుగులో చెప్పింది సరైనదో కాదో తేల్చడానికి ఎదుటివాళ్ళకు కెమిస్ట్రీ రావాలి కదా! ఆ కోర్సు చదివే ప్రతి సైన్సు అభ్యర్థీ మోల్ భావనో, లిమిటింగ్ రియాజెంటో, ఆమ్లాల బలమో ఏదో ఒక పాఠం తీసుకుని రెండు భాషల్లో చెప్పాలి, పిల్లల మాటలు రికార్డు చేసుకోవాలి, ఎక్కడ అర్థం దాటింది, ఎక్కడ దాటలేదో వాక్యం వాక్యంగా రాసి చూపాలి. కోర్సులో సగం మార్కులు దానికే ఇవ్వాలంటాను. మిగతా సిద్ధాంతం దాని చుట్టూ చెప్పుకోవచ్చు.

ఎదురువాదాల్లో నేను లెక్కలోకి తీసుకునేవి రెండు. మొదటిది, పై చదువులూ పరిశోధనా పత్రాలూ ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగు ఊతకర్ర ఇస్తే పిల్లలు దాన్ని వదలరు అని. ఇంగ్లీషు రావాలన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ ఇప్పుడు జరుగుతున్నది ఇంగ్లీషు నేర్పడం అవుతుందా? మూడేళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదివి, సొంతంగా ఒక్క ఇంగ్లీషు వాక్యం కట్టకుండా డిగ్రీ చేతికొస్తోంది. నా క్లాసులో ప్రతి వారం ప్రతి పిల్లా తనదైన ఇంగ్లీషు వాక్యం ఒకటైనా రాస్తుంది. తెలుగులో ముందు తేల్చుకున్నందువల్లే రాయగలుగుతుంది.

రెండోది సమయం. ఇది నిజమైన ఇబ్బంది. వాదించుకోనిస్తే, రెండు భాషల్లో చెప్పనిస్తే, సిలబస్ పూర్తికాదు. నా జవాబు సూటిగా ఉంటుంది: సిలబస్ తగ్గించండి. గ్రూపు తర్వాత గ్రూపు మూలకాల ధర్మాల జాబితాలు, లోహాలు తీసే పద్ధతుల పేర్లు, బట్టీకి తప్ప ఎందుకూ పనికిరాని అధ్యాయాలు మొదటి సంవత్సరంలో ఎన్ని లేవు? మోల్, సమతాస్థితి, ఆమ్ల క్షారాలు, ఆక్సీకరణ క్షయకరణాలు, బంధాలు, ఈ అయిదూ గట్టిగా వస్తే మిగతావి పిల్లలు తామే చదువుకోగలరు.

మీడియం మార్పు ఒక ఆజ్ఞతో అయిపోయే పని అనుకునేవాళ్ళు మలేషియా వైపు చూడాలి. అక్కడ 2003లో బడుల్లో సైన్సు, గణితాలను ఇంగ్లీషులోకి మార్చారు. 2009లో వెనక్కు తీసుకుంటున్నట్టు ప్రకటించి, 2012 నుంచి మళ్ళీ మలయ్‌కు మళ్ళించారు. మన దగ్గర ఉస్మానియా చరిత్ర ఇంకో కోణం చూపిస్తుంది. 1918లో మొదలైనప్పుడు అది ఉర్దూలో ఉన్నత విద్య నడిపిన విశ్వవిద్యాలయం. పుస్తకాల అనువాదానికి ప్రత్యేక విభాగమే ఉండేది. సైన్సు కూడా ఉర్దూలో చెప్పారు. 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. కాలేజీ స్థాయిలో సైన్సు భారతీయ భాషలో అసాధ్యం అనేవాళ్ళకు అది చాలు. కానీ అప్పటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఉర్దూ కూడా పరాయి భాషే. భాష భారతీయమైనంత మాత్రాన పిల్లవాడిది అయిపోదు. ఇవాళ నా క్లాసులోనూ ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు ఉన్నారు. అందుకే మాట్లాడుకునే జంటలను వాళ్ళ భాషను బట్టి కూర్చోబెడతాను. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, బోర్డు మీద గీసిన బొమ్మ, చివర రాసిన ఇంగ్లీషు వాక్యం నాకు అర్థమవుతాయి.

అమెరికా సుప్రీంకోర్టు 1974లో లౌ వర్సెస్ నికల్స్ కేసులో ఒక మాట చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లల తరఫున వేసిన కేసు అది. అందరికీ ఒకే గది, ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే సిలబస్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని, భాష అర్థం కాని పిల్లలకు చదువు తలుపులు మూసుకుపోయినట్టేనని ఆ తీర్పు సారాంశం. ఒకే ప్రశ్నపత్రం అందరికీ న్యాయం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ తీర్పు గుర్తొస్తుంది.

కాబట్టి ప్రశ్నపత్రం దగ్గర మొదలుపెట్టొచ్చు. రెండు భాషల ప్రశ్నపత్రాలు ఇప్పుడూ ఉన్నాయి, కానీ ఇంగ్లీషులో రాసి, ఆఖరి నిమిషంలో ఇంకొకరి చేత తెలుగు చేయిస్తారు. అలా కాకుండా, ప్రశ్న తయారుచేసేవాళ్ళే రెండు భాషల్లోనూ కలిపి రాయాలి. తెలుగులో సాఫీగా అడగలేకపోయారంటే ఇంగ్లీషు ప్రశ్నలోనే మెలిక ఉందేమో చూసుకోవాలి. మెగ్నీషియం లెక్కను ఇంగ్లీషులోనూ జరిగిన వరసలో మూడు చిన్న వాక్యాలుగా అడగొచ్చు, రసాయనశాస్త్రం ఏమీ తగ్గదు. 'ఎందుకు' అని అడిగే ప్రశ్నలకు జవాబు ఏ భాషలో రాసినా, కలిపి రాసినా పూర్తి మార్కులుండాలి. దిద్దేవాళ్ళకు ఇచ్చే సూచనల్లో ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి, లేకపోతే పిల్లలు నమ్మరు. ఇంగ్లీషు వ్యక్తీకరణకు వేరే ప్రశ్న పెట్టి, దానికి వేరే మార్కులు ఇవ్వండి, అప్పుడు ఎవరికి ఏది రాలేదో విడివిడిగా తెలుస్తుంది. ల్యాబు రికార్డులో 'ప్రిన్సిపుల్', 'ప్రొసీజర్' పేజీలు ముందే అచ్చువేసి ఇచ్చేయొచ్చు, వాటిని చేత్తో దింపడం వల్ల ఎవరికీ ఏమీ రాదు. ఖాళీ పేజీ ఒకటి వదలండి. ఆ రోజు ఏం చూశారో, అది ఎందుకలా జరిగిందనుకుంటున్నారో అందులో రాయమనండి. దిద్దేటప్పుడు ముందు ఆ పేజీ చూడండి.